ఎనిమిది బొగ్గు ముద్రలు

మొన్న ఆదివారం పొద్దున్న మా అమ్మాయి ఒక చేత్తో కుక్కరు మూత బిగిస్తూ, రెండో చేత్తో ఫోనులో ఏదో టకటకా నొక్కేస్తుంటే ఏమిటే అది అని అడిగాను. మనవరాలి బడివాళ్లు వేసవి సెలవుల్లో చదవమని ఆరు పుస్తకాల పేర్లు పంపించారట, ఒక్కో పేరు పక్కన ఒక్కో చిన్న గడి ఉందట, పిల్ల పైకి చదవగా మేము విన్నాము అని ఇంట్లో పెద్దవాళ్లు ఆ గడిలో టిక్కు పెట్టాలట, రేపటితో సెలవులు అయిపోతున్నాయి కనుక ఆరూ ఒకేసారి పెట్టేస్తోందట. కుక్కరు మొదటి కూత వేసేలోపల ఆరు పుస్తకాలూ వినడం అయిపోయింది. ఎన్ని చదివావే అని పక్కనే కాళ్లు ముడుచుకుని కూర్చున్న మనవరాలిని అడిగితే, అది తలెత్తకుండానే హిందీలో, రెండున్నర అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ కూతురి ఇంట్లో ఉన్న తల్లి ఎంతవరకు నోరు విప్పాలో మన ఈడు వాళ్లకు ఒకరు చెప్పాలా, అందుకని కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాను. వెళ్లి కూర్చుంటే కళ్లముందు మా అమ్మ బొటనవేలు కనిపించింది. మీకు నవ్వు రావచ్చు గానీ, నిజంగా ఆ వేలే కనిపించింది, గోటి చుట్టూ బొగ్గు దిగిపోయి, ఎంత తోమినా తెల్లబడని ఆ వేలు.

డెబ్బైల చివరి మాట ఇది. హిందీవాళ్ల ఈ ఉక్కు ఊళ్లోనే, సిద్ధగోరా అనే పేటలో రెండు గదుల కంపెనీ క్వార్టరు మాది. నాన్నకు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పని, వారానికోసారి మారే షిఫ్టులు, ఆ షిఫ్టులను బట్టే మా ఇంట్లో అన్నం ఉడికేది, దీపం ఆరేది, నవ్వు ఎంత గట్టిగా నవ్వవచ్చో కూడా ఆ షిఫ్టే చెప్పేది. అమ్మది టెక్కలి దగ్గర పల్లె. బడి గడప తొక్కి ఎరగదు. పెళ్లయి ఈ ఊరు వచ్చాక బజారు హిందీ, పక్కింటి ఒడియా రెండూ నోటికి పట్టేసింది గానీ అక్షరం మాత్రం ఏ భాషలోనూ రాదు. నేను కాసిడీహ్ వైపు ఉన్న తెలుగు బడిలో ఏడో తరగతి. ఆ బడి పేరు చెప్పను, అందులో మా మాస్టారిని కాస్త తప్పు పట్టబోతున్నాను కాబట్టి.

తప్పు పట్టినా ఆయన మహానుభావుడు, అది ముందే చెప్పాలి. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు, ఇస్త్రీ చేసినట్టుండే తెలుగు ఆయనది. మేమేమో ఏటి, ఎందుకు సేత్తన్నావు అంటూ, మధ్యలో నాలుగు హిందీ ముక్కలు కలుపుతూ మాట్లాడేవాళ్లం, వినలేక ఆయన కళ్లు మూసుకునేవారు. మా ఇళ్లలో తెలుగు పుస్తకం అనేది లేకపోవడమే దీనికంతటికీ కారణమని ఆయన తేల్చుకుని, ఆ ఏడు వేసవి సెలవులకు ముందు క్లాసు మొత్తానికి ఒక పని పెట్టారు. బడి అలమరాలోంచి ఎనిమిది పుస్తకాలు తీశారు. ఒక్కోటి ఒక్కటే ప్రతి, మేమేమో ఇరవై మందిమి. అందుకని ఒక పెద్ద కాగితం మీద గీతలు గీసి, ఏ పుస్తకం ఎవరి ఇంట్లో రెండు రోజులుండాలి, మూడో రోజు ఎవరు ఎవరికి అందించాలి అన్నది రైల్వే వాళ్ల టైముటేబులులాగా రాసి అందరి చేతా నోటుబుక్కుల్లో ఎక్కించారు. పర్సుడీహ్ నుంచి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు మాలో, ఆ వడగాలిలో పుస్తకం మోసుకుంటూ పిల్లలు ఊరి ఆ కొసనుంచి ఈ కొసకు తిరిగారంటే ఇప్పటి తల్లులు నమ్మరు.

అసలు నియమం అది కాదు. ప్రతి పుస్తకమూ ఇంట్లో ఎవరో ఒక పెద్దవారి ఎదుట కూర్చుని మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి. తర్వాత నోటుబుక్కులో కథ మన మాటల్లో రాయాలి. రాసినదాని కింద ఆ విన్న పెద్దవారు సంతకం పెట్టాలి. లోపల్లోపల చదువుకుంటే మీరు పేజీలు ఎగరేస్తారు, పైకి చదివితే మీ నాలుక తిరుగుతుంది, మీ ఇంట్లో పెద్దవాళ్ల చెవులకూ కాస్త మంచి తెలుగు తగులుతుంది అని మాస్టారి ఆలోచన. ఎనిమిదీ నిజాయితీగా, అందరికంటే బాగా చేసినవాళ్లకు బహుమతి కప్పూ కాదు, కలమూ కాదు. ఆ అలమరా తాళంచెవి.

ఆ అలమరా గురించి చెప్పకపోతే నా ఆత్రం మీకు అర్థం కాదు. హెడ్మాస్టరు గారి గది బయట గోడకు ఆనించి ఉండేది, రెండు అద్దాల తలుపులు, లోపల మూడు అరల్లో ఊళ్లో తెలుగువాళ్లు ఎవరెవరో ఇచ్చిన డెబ్బై ఎనభై పుస్తకాలు. శనివారం అరగంట మాత్రం తెరిచేవారు, అప్పుడు పెద్ద క్లాసుల వాళ్లు తోసుకుంటే మాకు దొరికేది ఏమీ ఉండేది కాదు. తక్కిన రోజుల్లో నేను అద్దానికి ముక్కు ఆనించి పుస్తకాల వీపుల మీది పేర్లు మాత్రం చదువుకుని వచ్చేదాన్ని. మా ఇంట్లో అచ్చయిన తెలుగు అంటే గోడమీది క్యాలెండరు ఒక్కటే. ఊరినుంచి ఎవరైనా చేగోడీలు కట్టుకొస్తే ఆ పొట్లం కాగితాన్ని నూనె మరకలు తప్పించుకుంటూ చదివేదాన్ని. అలాంటిదానికి ఏడాది చివరిదాకా ఆ తాళంచెవి చేతికిస్తామన్నారు, ఎప్పుడు కావలిస్తే అప్పుడు తెరుచుకోవచ్చు, ఏది కావలిస్తే అది ఇంటికి తెచ్చుకోవచ్చు అన్నారు. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

వినే పెద్దవారి సంగతి తేలడానికి ఒక రోజు పట్టింది. నాన్న ఉత్సాహంగా కూర్చున్నారు, మూడో పేజీకి గురక పెట్టారు. పాపం డ్యూటీ దిగి వచ్చినవాడు, ఏం చేస్తాడు. లేపి సంతకం పెట్టించుకుంటే పోయేది కదా అని నేను, విన్నవాళ్లే ముద్ర వెయ్యాలి కదేటి అని అమ్మ. అలా ఆ పని అమ్మ మీద పడింది. అమ్మకు కూర్చుని వినే తీరిక ఎక్కడిది. వేసవి వచ్చిందంటే మా క్వార్టర్లలో ఆడవాళ్లందరికీ గుల్ చేసే పని. బొగ్గు బస్తా అడుగున మిగిలే పొడిని పారెయ్యకుండా, బంకమన్ను, కాస్త గంజి కలిపి ముద్దచేసి, నిమ్మకాయలంత ఉండలు కట్టి పెరట్లో వరసలుగా ఎండబెట్టేవారు. దాన్నే అక్కడ గుల్ అనేవారు. వానాకాలమంతా పొయ్యి మండాలంటే ఆ నాలుగు వారాల ఎండలోనే వేలకొద్దీ ఉండలు అయిపోవాలి. అమ్మ పెరటి గోడ నీడలో పీట వేసుకుని ఉండలు కట్టేది, ఎదురుగా మెట్టు మీద కూర్చుని నేను చదివేదాన్ని. నాన్న సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసి పగలు పడుకునే వారంలో గొంతు తగ్గించి చదవాల్సి వచ్చేది, అప్పుడు అమ్మ పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకునేది.

పుస్తకం అయిపోయి, నేను కథ రాసేశాక, నోటుబుక్కు అమ్మ ముందు పెట్టేదాన్ని. సిరా గిరా ఏమీ అక్కర్లేదు, చెయ్యి ఎలాగూ నల్లగా ఉండేది, బొటనవేలు కాగితం మీద అదిమేది. అదొక ముద్రా అంటే, ఒక నల్లటి మచ్చ. బూడిదతో గిన్నెలు తోమి తోమి ఆ వేలి మీద గీతలనేవి ఎప్పుడో అరిగిపోయాయి.

అక్షరం రాని మనిషి కదా, ఏం కనిపెడుతుందిలే అనుకున్నాను, ఉన్నమాట ఒప్పుకోవాలి. మూడో పుస్తకంలో ఒకచోట కొండల గురించీ అడవి గురించీ పేజీలకు పేజీలు వర్ణన వచ్చింది. బయట క్వార్టర్ల పిల్లలు కిత్ కిత్, అదే మన తొక్కుడుబిళ్ల, ఆడుతున్నారు. నాలుగు పేజీలు ఒక్కసారి తిప్పేసి చదవడం సాగించాను. అమ్మ చేతిలో ఉండ చేతిలోనే ఆగిపోయింది. ఇందాక ఆ ముసలాయన కొండ కింద ఉన్నాడు, ఇప్పుడు కొండ మీద గుడిసెలో గంజి తాగుతున్నాడు, ఎక్కింది ఎప్పుడు అని అడిగింది. వెనక్కి తిప్పి మళ్లీ చదివించింది, అంతటితో వదలకుండా ఆ పూట ఆటకు కూడా పంపలేదు. ఆ తర్వాత ఒక్క వాక్యం ఎగ్గొట్టే ధైర్యం నాకు లేకపోయింది.

ఏడోది పడవ పుస్తకం. దానికి అసలు పేరేమిటో మాకెవరికీ తెలియదు. ఎవరో పాతదాన్ని బైండు చేయించి గోధుమరంగు అట్ట వేసి ఇచ్చారు, మొదటి కాగితం ఎప్పుడో ఊడిపోయింది, మాస్టారు కూడా జాబితాలో పడవ కథ అనే రాశారు. వరద రోజుల్లో పడవ వాడొకడు ఎవరినో అవతలి ఒడ్డున దించడానికి వెళ్లి తిరిగి రాడు. పదహారేళ్ల కూతురు పలక చిల్లుపడి మూలపడేసిన పాత పడవకు జిగురు పూసి, ఒక్కతే నది వెంట వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఒక్కో రేవులో ఒక్కో మనిషి, ఒకళ్లు అన్నం పెడతారు, ఒకళ్లు తిట్టి పంపేస్తారు, అందరూ తిరిగి పొమ్మనే చెబుతారు. నేనెన్నో చదివాను తర్వాత, మా అమ్మను అంతగా పట్టేసిన పుస్తకం మాత్రం ఇంకోటి లేదు. రెండో రోజు మధ్యాహ్నం వడగాలికి పెరట్లో గుడ్డలు పటపట కొట్టుకుంటున్నాయి, లోపలికి పోదాం అంటే కూడా లేవలేదు. చివరికి చీకటి పడే వేళ ఆ అమ్మాయికి దూరాన నది మలుపులో ఒక లాంతరు కనిపిస్తుంది. నాన్నా అని కేకవేస్తుంది. నీళ్ల మీదినుంచి తిరిగి ఒక కేక వినిపిస్తుంది. పేజీ తిప్పాను. గోధుమరంగు అట్ట.

బైండు చేసినవాడి చేతికి వచ్చేసరికే చివరి పేజీలు పోయి ఉంటాయి. వాక్యం చక్కగా పూర్తయింది కాబట్టి చూసేవాళ్లకు తెలియదు కూడా. అమ్మ చదవమంటుంది, లేదంటే నమ్మదు, మళ్లీ ఎగ్గొడుతున్నానని అనుమానం. అట్ట విప్పదీసి చూపించాను. అప్పుడు మొహం చూడాలి, పండగ పూట పరమాన్నం ఒలికిపోయినట్టు పెట్టింది.

మర్నాడు పుస్తకం అందించబోయే పిల్లకే ఈ సంగతి చెబితే, ఆ పిల్ల తేలిగ్గా నవ్వేసి, అందరూ రాసిందే రాయి అంది. ఇంజనీరు గారి అమ్మాయి మా క్లాసులో మొదటి నంబరు, ఆ పుస్తకం మొదట చదివింది ఆమె. ఆమె రాసిందేమిటంటే, తండ్రి దొరికాడు, ఆ లాంతరు పట్టుకున్న జమీందారు కొడుకు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, పడవకు బంగారు రంగు వేయించారు. పుస్తకం కంటే ఆ నోటుబుక్కే వేగంగా ఊరు తిరిగినట్టుంది, అప్పటికే పదిమంది బంగారు రంగు వేయించేశారు.

నేనూ ఆ పూట అదే రాసేసి, పైకి చదివి, అమ్మ ముందు పెట్టాను. అమ్మ వేలు పెట్టలేదు. జమీందారు కొడుకు ఎక్కడినుంచి వచ్చాడు, ఇన్నాళ్లూ ఎక్కడా లేడే అంది. ఆ పిల్ల అంత వరదలో అంత దూరం వచ్చింది పెళ్లి కోసమా అంది. నేను బతిమాలాను, ఏడ్చాను, అందరి ఇళ్లలోనూ సంతకాలు పెట్టేశారమ్మా, ఇది రాయకపోతే తాళంచెవి రాదమ్మా అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"నాను ఇన్నదానికే ఏలేత్తాను గానీ, ఇననిదానికి ఎలాగేత్తాను? పుస్తకంలో కడాకరి నేదు, నేదనే రాయి."

ఆ రాసిన పేజీ చింపించింది. నది మలుపులో కేక వినిపించింది, ఆ తర్వాత పేజీలు ఈ పుస్తకంలో లేవు, ఏమయిందో నాకూ మా అమ్మకూ తెలియదు అని రాశాక అప్పుడు అదిమింది వేలు. తక్కిన ఏడు ముద్రల కంటే అది నల్లగా పడింది. నాకు అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

తాళంచెవి రాదన్న నా భయం నిజం కావడానికి ఎన్నాళ్లో పట్టలేదు. వానలు మొదలై బడి తెరిచారు. మాస్టారు నోటుబుక్కులన్నీ పట్టుకెళ్లి మూడు రోజుల తర్వాత తెచ్చారు. శనివారం తాళంచెవి ఇస్తానని చెప్పి, ఒక్కొక్కరిదీ మెచ్చుకుంటూ తిరిగి ఇచ్చారు, నాది చివరికి అట్టేపెట్టారు. నిలబడమన్నారు. పడవ కథ చివర ఎందుకు రాయలేదని అడిగారు. పేజీలు లేవండీ అన్నాను. పంతొమ్మిది మందికి కనిపించిన పేజీలు నీకొక్కదానికే కనిపించలేదా అని, క్లాసు వైపు తిరిగి పేజీలు ఉన్నాయా లేవా అని అడిగారు. ఉన్నాయండీ అన్నారు అందరూ. ఏం చెప్పగలరు పాపం, ఇళ్లలో పెద్దవాళ్ల సంతకాలు పెట్టించేశారు కదా. ఇంజనీరు గారి అమ్మాయి మాత్రం తలదించుకుని డెస్కు మీద ఏదో గీస్తూ కూర్చుంది. తర్వాత మాస్టారు ఆ ముద్రలు చూపించి, ఇవి వేలిముద్రలా, పొయ్యిగోడ మసా, గీత ఒక్కటైనా లేదే, నువ్వే అద్దుకున్నావు కదూ అన్నారు. అరిచి అనలేదు, నెమ్మదిగా, నా మీద నమ్మకం పోయినవాడిలా అన్నారు. అదే నన్ను కుమిలిపోయేలా చేసింది. నోటుబుక్కు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి ఇచ్చేశారు. అలమరా తెరిచి పుస్తకం చూడండి అని ఎదురు చెప్పడం ఆ రోజుల్లో మన నోటికి వచ్చే మాట కాదు, మీకు తెలుసు. అంతమంది ఉన్నాయంటుంటే నిజంగా ఉన్నాయేమో, నేనే సరిగా చూసుకోలేదేమో అని కూడా అనిపించింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. నీ వల్లే పోయింది అన్నాను. నీకు చదువు రాదు కాబట్టి మాస్టారు నమ్మలేదు అన్నాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులాగా ఉంది నాకు. అందరి దగ్గరా చివర ఉందట, మనకే లేదట అని కూడా అన్నాను. అమ్మ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. తడి తగిలి విరిగిపోయిన గుల్ ఉండలను మళ్లీ కడుతోంది, అలాగే కడుతూ కూర్చుంది. నేను అన్నం తినకుండా పడుకున్నాను.

శనివారం ఉదయం రెండో పీరియడు. వాన వెలిసింది. మాస్టారు మేజా మీద ఎర్రదారం కట్టిన తాళంచెవి పెట్టి, పక్కన తాళంచెవి తీసుకున్నవారి పేరు రాసే రిజిస్టరు పెట్టి, ఇంజనీరు గారి అమ్మాయిని పిలవబోతున్నారు. గుమ్మం దగ్గర నీడ పడింది. చూస్తే అమ్మ. చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి, చేతులు కడుక్కున్నా నలుపు వదల్లేదు. సిద్ధగోరా నుంచి అంత దూరం నడిచి వచ్చింది, ఎప్పుడూ నా బడి గుమ్మం ఎక్కని మనిషి. నాకు భూమి చీలిపోతే బాగుండనిపించింది. దెబ్బలాడటానికి వచ్చింది, ఇక ఈ బడిలో నా మొహం ఎలా చూపించను అనుకున్నాను.

అమ్మ దెబ్బలాడటానికి రాలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. చేతులు జోడించి నిలబడింది.

"బాబూ, ఆ పడవ గుంట తండ్రిని కలిసిందా, నేదా? మా గుంట సదివినకాడికి కేక ఇనపడతాది, అక్కడితో ఆగిపోనాది. మీ బడిలో అందరి కాడా కడాకరి ఉందంట గదా. ఏటయ్యిందో ఆ ఒక్క ముక్కా సెప్పండి, నాను ఎల్లిపోతాను."

మాస్టారు కూర్చున్న కుర్చీలోంచి లేచారు. అమ్మ ఆయనకు తెలియదనుకుందో ఏమో, గుర్తు చేయడం మొదలుపెట్టింది. చిల్లుపడిన పలకకు ఏ చెట్టు జిగురు పూసిందో చెప్పింది. రెండో రేవులో అన్నం పెట్టిన ముసలమ్మ కొడుకు కూడా నదిలోనే పోయాడని, అందుకే తన చీర చింపి తెరచాప కట్టిచ్చిందని చెప్పింది. మూడో రేవు వాళ్లు తిట్టింది, నాలుగో రేవులో తండ్రి తలపాగా దొరికింది, అన్నీ వరసగా, ఒక్కటి మారకుండా, తన పుట్టింటి చుట్టాల కబుర్లు చెప్పినట్టు చెప్పుకుపోయింది. నెల రోజులుగా పొయ్యి దగ్గర కూర్చున్నా అదే ఆలోచన బాబూ అంది. మా గుంట మజ్జిలో పేజీలు ఎగ్గొట్టే రకం, మూడో పుస్తకంలో ఒకసారి నాకు దొరికిపోయింది, కానీ ఈ పుస్తకం మాత్రం పూర్తిగా సదివింది, అట్ట విప్పించి మరీ చూశాను అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను తల ఎత్తలేదు గానీ, సిగ్గులోంచి ఇంకేదో లేస్తోంది లోపల.

మాస్టారు తాళంచెవి తీసుకుని గబగబా వరండాలోకి వెళ్లారు. అలమరా తలుపు కిర్రుమనడం మాకు వినిపించింది. గోధుమరంగు అట్ట పుస్తకం పట్టుకుని వచ్చి, మా అందరి ఎదుటే చివరి కాగితం తిప్పారు. చదివారు. మళ్లీ తిప్పారు. అట్ట. ఆ పుస్తకాన్ని అలాగే తెరిచి బల్ల మీద పెట్టి, క్లాసు వైపు చూశారు. అప్పుడు ఇంజనీరు గారి అమ్మాయి లేచి నిలబడింది. ఆ చివర నేను కల్పించిందేనండీ, మిగతావాళ్లు నా దగ్గర రాసుకున్నారండీ అంది. ఆమె మీద నాకున్న కోపం అంతా ఆ ఒక్క నిమిషంలో పోయింది, యాభై ఏళ్లయినా మా స్నేహం నడుస్తోందంటే ఆ నిలబడటమే కారణం.

మాస్టారు ఆమెను కూర్చోమన్నారు. అమ్మ దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఈ పుస్తకం నేనూ చివరిదాకా చదవలేదు. మీరు తప్ప ఎవరూ చదవలేదు."

అమ్మకు ఆ మాట బోధపడలేదు. నేను చదవడం ఏమిటి బాబూ, నాకు చదువు రాదు అంది. కలిసిందో లేదో అయితే మీకూ తెలీదన్నమాట అని ఉసూరుమంది. ఆమెకు కావలసింది అదొక్కటే మరి. మాస్టారు నా నోటుబుక్కు అడిగి తీసుకుని, తను గీసిన ఎర్రగీత కింద, నాదే పొరపాటు అని తెలుగులో రాసి పూర్తి సంతకం చేశారు. తర్వాత తాళంచెవి నా అరచేతిలో పెట్టారు. ఇనుప తాళంచెవి, చల్లగా, నేననుకున్నదాని కంటే బరువుగా ఉంది. రిజిస్టరులో నా పేరు రాసి, పెద్దవారి సంతకం అన్న చోట అమ్మను వేలిముద్ర వెయ్యమన్నారు. ఎవరో సిరాబుడ్డి తెచ్చారు. మాస్టారు వద్దన్నారు. అమ్మ తన బొటనవేలు చూసుకుని, గోటి అంచున మిగిలిన నలుపుతోనే అదిమింది. అది సరిగా పడలేదు. ఫరవాలేదమ్మా, నాకు కనిపిస్తోంది అన్నారు ఆయన.

ఆ రోజు ఇంటికి మేమిద్దరం కలిసి నడిచి వెళ్లాం. నేను తాళంచెవి దారాన్ని మెడలో వేసుకున్నాను, సాక్చీ బజారు మధ్యలోంచి, కావాలనే, నలుగురూ చూడాలని. ఢిల్లీ కోట తాళంచెవి అయినా అంత పొగరుగా వేసుకుని ఉండను. అమ్మకు మాత్రం మనసు ఇంకా నది మలుపులోనే ఉంది. సగం దారిలో ఆగి, కలిసే ఉంటాదిలే, అంత గట్టిగా కేకేసినోడు తండ్రి గాక ఇంకెవుడు అంది. వానాకాలం అయ్యేసరికి అభిప్రాయం మార్చుకుంది, ఆ కేక కూడా ఎవరినో వెతుక్కునే మనిషిదే అయి ఉంటుందని. తర్వాత ఏళ్లలో ఇంకా ఎన్నో మార్చింది.

డిసెంబరు లోపల ఆ అలమరా మూడు అరలూ మా పెరటి గోడ నీడలోకి వచ్చి వెళ్లాయి. నేను చదివాను, అమ్మ విన్నది. అక్షరాలు నేర్పుతానని పలక పట్టుకుని ఎన్నోసార్లు కూర్చోబెట్టాను, నువ్వు చదువుతున్నావు కదా, ఇద్దరం ఒకే పని చెయ్యడం ఎందుకు అనేది. ఆ మొండితనానికి విసుక్కునేదాన్ని. తర్వాత నేను టీచరునై ముప్ఫై ఏళ్లు పిల్లల నోటుబుక్కులు దిద్దాను. ఒక్కదాని మీదా కథ చివరిదాకా చదవకుండా ఎర్రగీత గీయలేదు.

ఇప్పుడు ఆ బడిలో తెలుగు క్లాసులు లేవు, పిల్లలు దొరక్క మూసేశారట. అలమరా ఏమైందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. మా క్వార్టర్లలో గ్యాసు వచ్చి ఎన్నాళ్లయిందో, గుల్ అంటే మా అమ్మాయికే తెలియదు, ఇంక మనవరాలి మాట చెప్పేదేముంది. అమ్మ పోయి పద్నాలుగేళ్లు. ఆ పడవ పుస్తకం కోసం వెళ్లిన ప్రతి ఊళ్లోనూ పాత పుస్తకాల కొట్లలో వెతికాను, పేరు తెలియని పుస్తకాన్ని ఎవరు మాత్రం వెతికి పెడతారు. దొరకలేదు. దొరకలేదని ఇప్పుడు పెద్ద బాధ కూడా లేదు, దొరికితే చదివి వినిపించడానికి ఆవిడ లేదు కదా.

కాఫీ అయిపోయాక లోపలికి వచ్చి మనవరాలిని పిలిచాను. ఆ చదవని పుస్తకాల్లో ఒకటి పట్టుకురా, నా ఎదుట కూర్చుని పైకి చదువు అన్నాను. టిక్కు పెట్టేశాం కదా నానీ అని హిందీలో గునిసింది, అమ్మమ్మను నానీ అనే పిలుస్తుంది అది. అయినా వచ్చి కూర్చుంది. హిందీ పుస్తకమే, తెలుగు అది చదవలేదు, సరేలే అనుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్నాను. పావుగంట గడిచాక, మేక దొంగతనం అయిన పిల్లవాడి ఇంట్లో మేక మళ్లీ అరుస్తోంది. ఆగు, మేక తిరిగి వచ్చింది ఎప్పుడు అన్నాను. మనవరాలు పుస్తకం మీదినుంచి కళ్లెత్తి చూసింది, ఆ చూపు నాకు తెలుసు. "ఆప్‌కో కైసే పతా చలా, నానీ?" అంది, నీకెలా తెలిసిపోయిందని. మా అమ్మ చెప్పింది అన్నాను. నవ్వుకుంటూ మూడు పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టింది.

భోజనాల వేళకు పుస్తకం అయిపోయింది. దానికి ఏం తోచిందో, తన నోటుబుక్కు తెచ్చి కథ పేరు రాసి, కింద నన్ను సంతకం చెయ్యమంది. కలం తీసుకున్నాను. మూడు భాషల్లో చక్కగా సంతకం చెయ్యడం వచ్చు నాకు. కానీ కలం పక్కన పెట్టి, నా బొటనవేలు చూసుకున్నాను. ముద్ర వేద్దామంటే ఇంట్లో చిటికెడు బొగ్గు లేదు.